వకాల్తాలో ఖాళీ గీత

చిత్తూరు కోర్టులో భూమి తగాదాలకు గంగాధరం గారి ఆఫీసు పెట్టింది పేరు. మహిత అక్కడ జూనియర్‌గా చేరినప్పుడు ఆమెకు ఇరవై నాలుగేళ్లు. పాకాల పక్క పల్లె. వాళ్లింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆమే. కక్షిదారు తన వకీలు ఎవరో రాసి సంతకం పెట్టే కాగితం, మొదటి వకాల్తా నింపుతుంటే, తన పేరు కింద ఉన్న రెండో గీత మీద ఆమె పేరు కూడా రాసుకోమన్నారు గంగాధరం గారు. అంత పెద్దాయన పేరు కింద నిన్నగాక మొన్న వచ్చిన తన పేరేమిటని సిగ్గుపడి, మహిత ఆ గీతను ఖాళీగా వదిలేసింది. ఆయన మళ్లీ చెప్పలేదు. ఆమె మళ్లీ అడగలేదు.

పదహారేళ్లు గడిచాయి. దావాలు ఆమే రాసేది. సాక్షులను అడగాల్సిన ప్రశ్నలూ ఆమే రాసిచ్చేది. నాలుగేళ్లుగా ఆయన వాయిదా తేదీలు గుర్తుండక తడబడితే, వెనక నిలబడి మెల్లగా అందించేది. ఆఫీసు తన చేతికే వస్తుందని ఎవరితోనూ అనలేదు గానీ, మనసులో ఆ ఒక్క ఆశే పెట్టుకుంది.

ఉగాది దాటాక గంగాధరం గారు పిలిచి, ఇక తన వల్ల కాదని, కొడుకు చక్రధర్‌కు ఆఫీసు అప్పగిస్తున్నానని చెప్పారు. చక్రధర్‌ది తడ దగ్గర ఒక కంపెనీలో ఉద్యోగం. లా చదివాడే గానీ కోర్టులో ఒక్కరోజూ నిలబడిన వాడు కాదు. మరి నా సంగతేమిటి సార్ అని మహిత అడగనే అడిగింది.

"నీకు ఇష్టం లేదేమో అనుకున్నానమ్మా," అన్నారాయన, కోపమేమీ లేకుండానే. "రాసుకోమని నేనే చెప్పినా గదా. పదహారేండ్లలో ఒక్క వకాల్తాలో అన్నా నీ పేరు లేదే."

ఆ మాట నిజమే.

ఆదివారం కక్షిదారులను పిలిపించారు. చక్రధర్ పేరు మీద కొత్త వకాల్తాలు నింపే పని మహితదే, దస్తూరీ బాగుంటుందని. మధ్యాహ్నానికి సుభాన్ బాషా వంతు వచ్చింది. ఆయన అంగడి కేసు పదకొండేళ్లుగా ఆమే చూసుకుంటోంది. కలం పట్టుకుని ఆయన కాగితం పైనుంచి కిందికి వెతికాడు.

"మేడమ్, ఇందులో మీ పేరు యాడుండాది?"

మహిత గంగాధరం గారి వైపు చూసింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. చక్రధర్ నవ్వాడు.

"ఆయమ్మ యాడికి పోతాది బాషా? ఈడే ఉంటాది గదా. సంతకం పెట్టప్పా."

బాషా పెట్టలేదు. ఆమె వద్దంటే అసలు పెట్టడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"రేపే వాయిదా ఉండాది భాయ్," అంది మహిత. "పెట్టండి."

ఆయన సంతకం పెట్టి, ఆమెకు ఒక్కదానికే నమస్కారం చేసి వెళ్లిపోయాడు. మహిత కలానికి మూత పెట్టింది. మిగిలిన కాగితాలు చక్రధర్ ముందుకు జరిపి, ఇవి మీరే రాసుకోండని చెప్పి, సంచి భుజానికి తగిలించుకుంది. అతను తల ఎత్తకుండానే పై కాగితం తీసుకున్నాడు.

"ఈ గిరి వాళ్ల పొలం కేసు నంబరెంత?"

అప్పటికి ఆమె వాకిట్లో చెప్పుల దగ్గర ఉంది. చెప్పకూడదనే అనుకుంది.

"నూట నలభై రెండు," అంది, వెనక్కి తిరగకుండా. "రెండు వేల పదహారో సంవత్సరం."