మార్చని ఆయిల్

పులిగడ్డ దాటిన ఐదు నిమిషాలకు బండి నాగేంద్రబాబు మాట వినడం మానేసింది.

యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. రొద తగ్గకపోగా ఇంకా పెరిగింది. తాళం తిప్పి కట్టేశాడు. డ్యాష్‌బోర్డు దీపాలన్నీ ఆరిపోయాయి, ఇంజన్ మాత్రం ఆగలేదు. వెనక అద్దంలో రోడ్డు లేదు, చెట్లు లేవు, అంతా నీలం కలిసిన తెల్లటి పొగ. బానెట్ కింద ఏదో జంతువుని బతికుండగా కోస్తున్నట్టు కీచుమని ఒకటే అరుపు.

"ఆపరా! ఆపమంటుంటే వినపడట్లేదా!" పక్క సీట్లోంచి కిరణ్ కేకలు పెడుతున్నాడు.

"ఆగట్లేదు బాబూ! తాళం తీసేశాను, అయినా ఆగట్లేదు!"

కిరణ్ యజమాని గోవర్ధనరావు గారి కొడుకు. గుడివాడలో ఉంటూ నాగాయలంకలో రొయ్యల చెరువులు చేయిస్తున్న గోవర్ధనరావు గారు పదకొండు నెలల కిందట ఈ టర్బో డీజిల్ పికప్ కొని, మచిలీపట్నం గిలకలదిండికి చెందిన నాగేంద్రబాబు చేతికి తాళాలిచ్చారు. సముద్రం ఒడ్డునున్న హేచరీలో రొయ్య పిల్లని ఆక్సిజన్ సంచుల్లో నింపుకుని, ఎండెక్కకముందే దివిసీమ చెరువులకు చేర్చాలి. పిల్ల చస్తే పంట పోయినట్టే. అందుకని బండి ఎప్పుడూ పరుగే.

నాగేంద్ర చివరి గేరు వేసి, బ్రేకు మీద కుడికాలు పెట్టి నిలబడినంత పని చేసి, క్లచ్ ఒక్కసారిగా వదిలేశాడు. బండి ఎగిరిపడింది. కిరణ్ అప్పటికే తలుపు తీసి దూకేశాడు. ఇంజన్‌లో తుపాకీ పేలినట్టు శబ్దమైంది. లోపలి ఇనుప ముక్కొకటి అడుగు చీల్చుకుని తారు మీద నిప్పులు రాల్చుకుంటూ పోయింది. పికప్ వెళ్ళి కల్వర్టు గోడని గుద్దుకుంది. వెనకున్న సంచులు పటపటా పగిలిపోయాయి. ఉప్పునీళ్ళూ, వెంట్రుక ముక్కల్లాంటి లక్షల పిల్లా రోడ్డంతా పారాయి.

నాగేంద్ర నుదురు పగిలింది. కంట్లోకి రక్తం కారుతుంటే తుడుచుకుంటూ దిగాడు. కిరణ్ చెంప ఒకవైపు చర్మం లేచిపోయి, కంకర అంటుకుని ఉంది. లేచి నిలబడ్డాడు, కుంటుకుంటూ వచ్చాడు. వచ్చినవాడు బండి కేసి తిరిగి బానెట్ లేపి, ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ లాగి చూశాడు. దాని కొసన అంటుకున్నది ఆయిల్ కాదు. మాడిన బెల్లంపాకంలా గట్టిపడి, నల్లగా, చుక్క కూడా జారకుండా ఉంది.

తర్వాత డ్రైవరు వైపు తలుపు తెరిచి, అంచుకి అంటించిన స్టిక్కర్ చదివాడు. జేమ్స్ డీజిల్ వర్క్స్, చల్లపల్లి. ఆయిల్ మార్చిన తేదీ, మార్చినప్పటి కిలోమీటర్లు.

"ఇరవై రోజుల కింద మార్చాడు. మూడు వేలు కూడా తిరగలేదు," అన్నాడు కిరణ్. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "మూడు వేలకే ఇట్టా అవుద్దా? నాన్న ఇచ్చిన కొత్త డబ్బాలు అమ్ముకుని, ఏ లారీలోంచో దింపిన మాడు ఆయిల్ పోశాడు."

నాగేంద్ర కూడా స్టిక్కర్ కేసి చూశాడు.

ఆ స్టిక్కర్ మీద అంకెలు వేసింది జేమ్స్ కాదు. తనే.

బండి కొత్తలోనే జేమ్స్ చెప్పాడు. ఐదు వేలకు మొదటిసారి ఆయిల్ మార్చి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, "నాగేంద్రా, కంపెనీ పుస్తకంలో ఇరవై వేలకు మార్చమని ఉంటుంది. అది తేలిక బరువుతో, చల్లగా వెళ్ళే బండికి. నీ లోడుకీ నీ తొక్కుడికీ పది వేలు దాటనివ్వమాక. ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో నిమిషానికి లక్షసార్లు తిరుగుద్ది. దాని ఇరుసుకీ గోడకీ మధ్య ఉండేది ఆయిల్ పొరొక్కటే. ఆ పొర మాడిందంటే టర్బో పోద్ది. పోయి ఊరుకోదు, ఇంజన్‌కి తన ఆయిలే తాగించుద్ది. అప్పుడిక తాళం తీసినా ఆగదు," అన్నాడు. అని, నాలుగు ఖాళీ స్టిక్కర్లు చేతిలో పెట్టాడు. దారిలో ఇంకెక్కడైనా మార్పించినా తేదీ రాసుకోమని.

పదిహేను వేలకి గోవర్ధనరావు గారు సీలున్న డబ్బా ఇచ్చి చల్లపల్లి పంపారు. ముప్పై గంటలుగా కన్ను మూయని నాగేంద్ర, చల్లపల్లి రాకముందే బండి పక్కకి తీసి, ఒక్క పది నిమిషాలనుకుని ఒరిగాడు. లేచేసరికి నాలుగు గంటలు గడిచాయి, హేచరీ నుంచి ఫోను మోగుతోంది. స్టిక్కర్ మీద తనే రాసి అంటించాడు. డబ్బా ఇంటికి తీసుకెళ్ళి వలల కింద పెట్టాడు. రేపు మార్పిద్దామనుకున్నాడు. రేపు రెండు ట్రిప్పులు. ఎల్లుండి మూడు. మొన్న ఇరవై ఐదు వేలకి రెండో డబ్బా ఇచ్చినప్పుడు మొదటి అబద్ధం బయటపడుతుందని భయపడి రెండోదీ ఆడాడు. తగ్గినప్పుడల్లా పెట్రోలు బంకులో కొన్న ఆయిల్ పైపైన పోసేవాడు.

"ఏం మాట్లాడవేంట్రా? నిజమేనా, కాదా?"

"అదే అయ్యుంటుంది బాబూ," అన్నాడు నాగేంద్ర.

కిరణ్ సీటు వెనకనుంచి జాకీ రాడ్ తీసుకున్నాడు. అటుగా వచ్చిన ఆటోకి అడ్డం నిలబడి, అందులో ఉన్న ముసలామెని దింపేసి, చల్లపల్లి పోనిమ్మన్నాడు. నాగేంద్రనీ ఎక్కించుకున్నాడు. దారి పొడవునా రాడ్‌తో తన మోకాలి మీద తనే చిన్నగా కొట్టుకుంటూ కూర్చున్నాడు. మోపిదేవి దాటుతుంటే నాగేంద్ర చెప్పేద్దామనుకున్నాడు. ఆ రాడ్ చూసి, రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

జేమ్స్ షెడ్డులో ఒక ట్రాక్టర్ పంపు విప్పి పెట్టుకుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. నాగేంద్ర నుదుటి రక్తం చూసి గబగబా ఎదురొచ్చాడు.

"ఏమైంది తమ్ముడూ? బండెక్కడ?"

రాడ్ ఆయన మెడకీ భుజానికీ మధ్య పడింది. జేమ్స్ మోకాళ్ళ మీద కూలాడు. రెండో దెబ్బ వీపు మీద. పంపు ముక్కలు నేలంతా దొర్లాయి. కిరణ్ ఆయన్ని కులం పేరు పెట్టి తిట్టాడు, జుట్టు పట్టుకుని పైకి లాగాడు.

"మంచి ఆయిల్ అమ్ముకుంటావా? చచ్చేవాణ్ణి రోయ్ ఇవాళ!"

"ఏ ఆయిలండీ? నేనే ఆయిలూ మార్చలేదండీ! ఐదు వేలకి మార్చాను, మళ్ళీ ఆ బండి నా షెడ్డుకి రాలేదు," జేమ్స్ పెదవి చిట్లి మాట తడిగా వస్తోంది. "నాగేంద్రా, నువ్వు చెప్పు. వచ్చిందా? నువ్వు చెప్పు తమ్ముడూ!"

నాగేంద్ర నేల చూశాడు.

"పట్టుకోరా వాడి చెయ్యి," అన్నాడు కిరణ్. "ఏ చేత్తో పోశాడో ఆ చెయ్యి. బల్ల మీద పెట్టి పట్టుకో."

పట్టుకున్నాడు. కాళ్ళు వాటంతటవే కదిలాయి. జేమ్స్ కుడి మణికట్టుని రెండు చేతులతో ఇనుప బల్లకి అదిమాడు. ఆ చెయ్యి వెచ్చగా, గ్రీజుతో జారుతూ ఉంది. జేమ్స్ లాక్కోవాలని చూడలేదు. మొహం తిప్పి నాగేంద్రని చూస్తూ ఉండిపోయాడు.

రాడ్ దిగింది. పచ్చి కొమ్మ విరిచినట్టు శబ్దం. రెండోసారి దిగినప్పుడు చూపుడు వేలు వెనక్కి, వేళ్ళు తిరగని వైపుకి తిరిగిపోయింది. అప్పుడు అరిచాడు జేమ్స్.

షెడ్డు వెనకే ఇల్లు. జేమ్స్ భార్య అన్నపూర్ణ అన్నం వార్చిన గంజి గిన్నె చేత్తో పట్టుకుని అలాగే పరుగెత్తుకొచ్చింది. ఒక్క క్షణం చూసింది. పొగలు కక్కుతున్న గంజిని కిరణ్ మెడ మీద కుమ్మరించింది.

కిరణ్ గావుకేక పెట్టి చొక్కా చింపుకున్నాడు. మెడా భుజమూ ఎర్రగా ఉబ్బిపోతున్నాయి. గుడ్డిగా తిరిగి రాడ్ విసిరి కొట్టాడు. అది అన్నపూర్ణ చెవి పైన తగిలింది. ఆమె గోడకి కొట్టుకుని, గిన్నెతో సహా కింద పడింది. జుట్టులోంచి రక్తం గంజిలో కలిసి పారింది. కిరణ్ కిందపడ్డ రాడ్ మళ్ళీ తీసుకుని ఆమె మీదికి నడిచాడు.

నాగేంద్ర జేమ్స్ చెయ్యి వదిలేశాడు.

"ఆయన మార్చలేదు! నేను మార్పించలేదు! స్టిక్కర్ నేనే రాశాను! డబ్బాలు రెండూ మా ఇంట్లోనే ఉన్నాయి!"

కిరణ్ ఆగి వెనక్కి తిరిగాడు. అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక రాడ్ నాగేంద్ర నోటి మీద పడింది. ముందు పళ్ళు రెండు గొంతులోకి పోయినట్టనిపించి దగ్గాడు. తర్వాత పక్కటెముకల మీద. నాగేంద్ర ఆ రాడ్‌నే పట్టుకుని వేలాడుతూ, కిరణ్‌ని లాక్కుని, ఇద్దరూ పాత ఆయిల్ దింపే గుంటలో పడ్డారు. నల్లటి ఆయిల్‌లో ఎవరి చెయ్యి ఎవరిదో తెలియలేదు. కిరణ్ అతని కంట్లో వేలు పొడిచాడు. నాగేంద్ర ఆ వేలిని కొరికాడు, ఎముక తగిలేదాకా. మీదికెక్కి, రెండు చేతులూ కిరణ్ గొంతు చుట్టూ బిగించాడు. చంపేద్దామనే అనుకున్నాడు. ఆ సంగతి తర్వాత ఎస్సై అడిగినప్పుడు కూడా దాచలేదు.

పక్క దుకాణాల వాళ్ళు నలుగురు కలిసి లాగితేగాని ఆ చేతులు ఊడిరాలేదు.

అందరినీ మచిలీపట్నం పెద్దాసుపత్రికే తెచ్చారు. జేమ్స్ చేతిలో నాలుగు ఎముకలు విరిగాయి, తీగలు గుచ్చి కట్టారు. అన్నపూర్ణ తలకి పన్నెండు కుట్లు పడ్డాయి, రెండు రోజులు ఆమెకి తెలివి రాలేదు. కిరణ్‌ని వాళ్ళవాళ్ళు ఆ పూటే వేరే ఆసుపత్రికి మార్చుకున్నారు.

మర్నాడు పొద్దున గోవర్ధనరావు గారు వచ్చి నాగేంద్ర మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు. వెంట తెచ్చుకున్న ఇద్దరు మనుషుల్ని గుమ్మం దగ్గర నిలబెట్టారు.

"జాకీ జారి బండి జేమ్స్ చేతి మీద పడింది. ఆమె అడ్డమొచ్చి జారిపడింది. అంతేగా జరిగింది?" అన్నారు.

నాగేంద్ర తల అడ్డంగా ఊపాడు.

"చూడు నాగేంద్రా. ఆ డబ్బాలు నీ ఇంట్లో దొరికితే దొంగవి నువ్వు. చెయ్యి పట్టుకున్నది నువ్వు. మావాడికి బెయిలు ఇప్పించడానికి నేనున్నాను. నీకెవరున్నారు?" ఆయన లేస్తూ, పక్కటెముకల కట్టు మీద బొటనవేలు పెట్టి నొక్కారు. కళ్ళు బైర్లు కమ్మి నాగేంద్ర మంచం చువ్వ పట్టుకున్నాడు. "ఆలోచించుకో," అని వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం భార్య ఉమాదేవి వచ్చింది. వాచిపోయిన నోటితో, ముక్కలు ముక్కలుగా, మొదటినుంచీ చెప్పాడు. ఆమె మధ్యలో ఆపలేదు.

"ఆయన చెయ్యి నువ్వు పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను."

అతని చెంప మీద కొట్టింది. వార్డంతా తిరిగి చూసింది. పెదవి మీది కుట్లు తెగి రక్తం వచ్చింది. ఆమె అది తుడవలేదు. అటునుంచటే ఇంటికి వెళ్ళి, వలల కిందనుంచి డబ్బాలు రెండూ లాగి, సంచిలో వేసుకుని, బస్సెక్కి చల్లపల్లి స్టేషన్‌లో ఎస్సై బల్ల మీద పెట్టింది. వాటి సీలు ఇంకా ఊడలేదు. సాయంత్రం పోలీసులు వార్డుకి వచ్చారు. నాగేంద్ర చెప్పాల్సిందంతా చెప్పి, పేజీ పేజీకీ సంతకం పెట్టాడు. మొదటి ముద్దాయి కిరణ్. రెండో ముద్దాయి తను.

ఆ రాత్రే గిలకలదిండిలో అతని ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. ఉమాదేవి చేపల కత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడితే, వీధిలో వాళ్ళంతా లేచొచ్చారు. రాళ్ళేసినవాళ్ళలో ఒకడు చిక్కాడు. వాడిని వలతాళ్ళతో స్తంభానికి కట్టి, స్పృహ తప్పేదాకా కొట్టారు. పోలీసులొచ్చి విప్పుకుపోయారు. తర్వాత ఎవరూ రాలేదు.

నాగేంద్ర పంతొమ్మిది రోజులు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. కిరణ్ అంతకన్నా ఎక్కువే ఉన్నాడు. కులం పేరు పెట్టి తిట్టడం చుట్టుపక్కల దుకాణాల వాళ్ళందరూ విన్నారు, గోవర్ధనరావు గారు ఎంత తిరిగినా వాళ్ళు మాట మార్చలేదు.

విడుదలైన వారానికి నాగేంద్ర చల్లపల్లి వెళ్ళాడు. షెడ్డు తెరిచే ఉంది గాని పని లేదు. జేమ్స్ కుర్చీలో కూర్చుని, చెయ్యి గుండెలకి కట్టుకుని ఉన్నాడు. చూపుడు వేలు మడతపడదని డాక్టర్లు చెప్పేశారట. అన్నపూర్ణ లోపలినుంచి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. కుట్లు వేసినచోట జుట్టు ఇంకా మొలవలేదు.

నాగేంద్ర కాళ్ళ మీద పడబోయాడు. జేమ్స్ కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"అదొద్దు. ఒకటి చెప్పు. ఎందుకు మార్పించలేదు?"

"నిద్రపోయానన్నా. ముప్పై గంటలు నడిపి, దారిలో ఆపి నిద్రపోయాను. లేచేసరికి టైమైపోయింది."

జేమ్స్ కట్టులో ఉన్న చెయ్యి కాస్త పైకి జరుపుకున్నాడు.

"ఇక్కడికొచ్చి పడుకోవాల్సింది," అన్నాడు. "నువ్వు పడుకుంటే ఆయిల్ నేను మార్చేవాణ్ణి. ముప్పావుగంట పని."

నాగేంద్ర ఏడ్చాడు. ఎవరూ ఊరుకోమనలేదు.

"ఇక వెళ్ళండి," అంది అన్నపూర్ణ. "ఇంకోసారి రాకండి. మిమ్మల్ని చూస్తే ఆయనకి రాత్రుళ్ళు చెయ్యి లాగుద్ది."

అతను వెళ్ళిపోయాడు. ఇప్పుడు గిలకలదిండి నుంచి వేటకెళ్ళే బోటులో కూలికి పోతున్నాడు, ఏ బండి స్టీరింగూ పట్టడు. కేసు ఇంకా నడుస్తోంది. వాయిదాలకి అవనిగడ్డ కోర్టులో వరండా ఆ చివర జేమ్స్, ఈ చివర నాగేంద్ర కూర్చుంటారు. జేమ్స్ ఎడమ చేత్తో సంతకం పెట్టడం నేర్చుకున్నాడు. కోర్టు పిలిచేదాకా ఒకరినొకరు చూసుకోరు.