మూడో బాయికి తొమ్మిది పాయింట్ల కోత

నేను ఒక పాయింట్ల బోర్డును. టేకు చట్రం, దాని మీద బిగించిన రేకు, రేకు మీద పన్నెండు వరసలు, వరసకు మూడు మేకులు. మొదటి మేకుకు ఫుట్‌బాల్ క్లబ్బు పేరున్న పలక, రెండో దానికి ఆడిన ఆటల సంఖ్య, మూడో దానికి పాయింట్లు. నా ఒంటి మీద ఇంతకు మించి విశేషమేమీ లేదు. మైదానంలో ఏం జరిగిందో అది చెప్పడం నా పని. గెలిస్తే మూడు, సమానమైతే ఒకటి, ఓడితే సున్నా. తొమ్మిదేళ్ళు ఆ పని నమ్మకంగా చేశాను. పదో ఏట నా చేత అబద్ధం ఆడించారు. ఆ ఒళ్ళుమంట ఇంకా చల్లారలేదు, అందుకే నోరు విప్పుతున్నాను.

నన్ను హనుమకొండలో నజీర్ అనే పెయింటరు చేశాడు. చేయించుకున్నది ఓరుగల్లు రాయల్స్ అనే క్లబ్బు యజమాని, ప్లాట్ల వ్యాపారి ధనుంజయరావు. నా నెత్తిన అడుగున్నర ఎత్తున తన బొమ్మ వేయించుకున్నాడు. పాయింట్లు చూడ్డానికి వచ్చినవాడు ముందు ఆయన మీసాలు చూసి తీరాల్సిందే. ఆయన గోవా నుంచి, మిజోరం నుంచి, ఘనా నుంచి ఆటగాళ్ళను దింపాడు. ఏసీ బస్సు కొన్నాడు. ప్రతి ఆటకూ డప్పులు పెట్టించాడు. ఊరు ఊరంతా ఆహా ఓహో అంది. నేనూ అన్నాను, కొత్త రంగు మీదున్నాను కదా.

రెండేళ్ళు తిరిగేసరికి ప్లాట్లు అమ్ముడుపోవడం ఆగిపోయింది, ఆయన ఫోను మూగబోయింది. ఏడు నెలలు ఆటగాళ్ళకు జీతాల్లేవు. ఘనా నుంచి వచ్చిన క్వామే అనే డిఫెండరు రోజూ తన పెట్టె తెచ్చుకుని నా కిందే కూర్చునేవాడు, యజమాని వస్తాడేమోనని. చివరికి లీగు వాళ్ళు రాయల్స్ క్లబ్బును రద్దు చేశారు. ధనుంజయరావును మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. వాళ్ళ రూల్సులో క్లబ్బు అనే మాట ఉంది గానీ యజమాని అనే మాట లేదట.

సామాను వేలం వేసిన రోజున నేను ఓదెలును మొదటిసారి చూశాను. బెల్లంపల్లి బొగ్గుగనిలో ముప్పైనాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి, అక్కడి చిన్న క్లబ్బుకు సెక్రటరీ. గోలు నెట్లు కొనుక్కుపోదామని వచ్చాడు. నెట్ల దగ్గరికి వెళ్ళబోతూ క్వామే పెట్టెను చూసి ఆగాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అరగంట తరవాత నెట్ల డబ్బులో చాలా భాగం ఇంటి దారి పట్టిన క్వామే ఢిల్లీ రైలు టికెట్టుకూ దారి ఖర్చులకూ పోయింది. మిగిలిన దాంతో ఎవరూ పాడని వస్తువొక్కటే వచ్చింది. అది నేను.

బొగ్గు లారీ మీద బెల్లంపల్లి చేరాను. అక్కడ గనిని బాయి అంటారు. మూతపడ్డ మూడో బాయి పక్కన మైదానం, అందుకే అది మూడో బాయి క్లబ్బు. మైదానం చూసుకునే సమ్మక్క నన్ను దించిన రోజే కిరసనాయిలు, పీచు పట్టుకుని ధనుంజయరావు బొమ్మ మీద పడింది. ముఖం పోయింది, కళ్ళు పోయాయి, ఎడమ మీసం మాత్రం పోలేదు. దాన్ని అట్లాగే నెత్తిన పెట్టుకుని, గ్యాలరీ మధ్యలోని గోడ మీద, అందరి తలల కంటే ఎత్తున నిలబడ్డాను. ప్రతి సోమవారం పొద్దున సమ్మక్క వచ్చి తడిగుడ్డతో నన్ను తుడిచి పలకలు మార్చేది.

ఆ క్లబ్బుకు యజమాని లేడు, టోపీ ఉంది. గనిలో ఎవరైనా పోతే ఆ ఇంటి కోసం బాయి దగ్గర ఇనుప టోపీ ఒకటి చేతులు మారేదట. ఎవరు ఎంత వేశారో పక్కవాడు చూడకూడదు, ఎవరి పేరూ రాయకూడదు. ఇచ్చినవాడి పేరు తెలిస్తే తీసుకున్న ఇల్లు వాడి ముందు తల దించుకోవాల్సి వస్తుందని ఆ కట్టుబాటు. బాయి మూతపడినా టోపీ మిగిలింది. ప్రతి ఆటలో సగం సమయానికి గ్యాలరీలో తిరిగేది. అది దగ్గరికి రాగానే జనం ముఖాలు పక్కకు తిప్పుకునేవారు. టికెట్ల రాబడికి ఆ డబ్బు తోడైతేనే ఆటగాళ్ళ జీతాలు, బూట్లు, భోజనాలు. ఆ డబ్బుతోనే గోల్‌కీపర్ ఖదీర్ విరిగిన మోకాలికి ఆపరేషను. ఆ క్లబ్బు ఐదేళ్ళలో అట్టడుగు నుంచి పై లీగుకు ఎక్కింది. నా మీది ప్రతి అంకె దానికి సాక్షి.

పై లీగుకు ఎక్కిన ఏడాదే కొత్త రూలు వచ్చింది. ఆటగాళ్ళ మీద పెట్టే ఖర్చు క్లబ్బు రాబడిలో వందకు డెబ్బై దాటకూడదు. దాటితే ఇరవై లక్షల జరిమానా, కట్టలేకపోతే తొమ్మిది పాయింట్ల కోత. ఆ రూలు పెట్టిన లీగు మీటింగులో మొదట చెయ్యెత్తింది ఓదెలే. తిరిగొచ్చి సమ్మక్కకు గర్వంగా చెప్పాడు కూడా.

"మంచి రూలు చెల్లె. ఇగ ఏ పిలగాడూ పెట్టె మీద కూసొని ఏడ్వడు."

నాకూ అది మంచి రూలే అనిపించింది. క్వామేను చూసిన కళ్ళు నావి, కాదని ఎట్లా అంటాను? రూలు మీద నాకు ఈనాటికీ కోపం లేదు. దాన్ని పట్టుకుని తిరిగిన చేతుల మీద ఉంది.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో లీగు నుంచి చారల చొక్కా వేసుకున్న మనిషి ఒకడు ఫైలు పట్టుకుని వచ్చాడు. పేరు చెప్పాడు గానీ నేనిక్కడ చెప్పను. నా నీడలోనే కుర్చీ వేసుకుని కాగితాలు తిరగేశాడు. ఓదెలు రాబడిలో ఒక వరస దగ్గర ఉన్నది ఉన్నట్టు 'టోపీ' అని రాశాడు.

"ఈ పన్నెండు లక్షలు ఎవరిచ్చారు, సెక్రటరీ గారూ?"

"జనం."

"పేర్లు?"

"టోపీల ఏసినోళ్ళ పేర్లు రాయం సారు. రాయొద్దు."

"పేరు లేని డబ్బును రాబడిగా చూపించడం కుదరదండీ."

ఆ వరస మీద ఎర్ర సిరాతో అడ్డగీత పడింది. రాబడిలోంచి టోపీ పోయింది. అదే టోపీ డబ్బుతో చేయించిన ఖదీర్ మోకాలు మాత్రం ఖర్చులో భద్రంగా ఉంది. వందకు అరవై ఏడు ఉండాల్సింది డెబ్బై ఏడుకు చేరింది. ఇచ్చిన డబ్బు లేదంట, పెట్టిన ఖర్చు ఉందంట! నేను కొయ్యనూ రేకునూ, నాకే ఆ లెక్క మింగుడుపడలేదు. చదువుకున్నవాడికి ఎట్లా పడిందో.

మూసీ యునైటెడ్ అనే పట్నం క్లబ్బుంది. దాని యజమానికి ఉన్న సిమెంటు కంపెనీయే ఆయన క్లబ్బుకు మూడు కోట్లు ఇచ్చింది, చొక్కాల మీద తన పేరు రాసినందుకు. ఆయన బావమరిది ఆసుపత్రి ఇంకో కోటి ఇచ్చింది, ప్రాక్టీసు మైదానానికి తన పేరు పెట్టినందుకు. కుడి జేబులోంచి తీసి ఎడమ జేబులో వేసుకున్నారు, కాకపోతే రసీదు రాశారు. రసీదుంది కాబట్టి అది రాబడి. అయినా కిందటేడు డెబ్బై గీత దాటారు. ఇరవై లక్షలు పడేసి, చెక్కు పట్టుకుని నవ్వుతూ ఫోటో దిగారు. ఒక్క పాయింటూ పోలేదు. డబ్బున్నవాడికి తప్పు ఒక ధర, లేనివాడికి అదే తప్పు బతుకు మీద దెబ్బ. దీన్ని సమానత్వం అనేవాడి నెత్తిన నేను ఊడిపడినా పాపం లేదు.

జరిమానా కట్టడానికి మాకు పది రోజులు గడువిచ్చారు. క్లబ్బు మనుషులు నా కిందే పోగయ్యారు. పేర్లు రాద్దామని ఖదీరే అన్నాడు.

"ఓటరు లిస్టు దెచ్చి ఇంతమందిని ఎక్కిద్దాం అన్నా. ఎవడొచ్చి అడుగుతడు?"

"దొంగ పేర్లా?" అన్నాడు ఓదెలు. "అవి రాసినంక మనకూ మూసీ ఓళ్ళకూ తేడా ఏముంటది బిడ్డా?"

"మరి టోపీనే తిప్పుదాం," అంది సమ్మక్క. "ఇరవై లచ్చలు కాకున్నా, ఎంతైతే గంత."

"ఆటగాళ్ళ కోసం తిరిగే టోపీ చెల్లె అది. దాంతోని జరిమానా కడితే మనం తప్పు జేసినట్టు మనమే ఒప్పుకున్నట్టు."

అప్పుడు నాకు ఓదెలు మీద కూడా కోపమొచ్చింది. ఆ బిగువు ఎవరికి కావాలయ్యా? మైదానంలో కాళ్ళు విరగ్గొట్టుకుంటున్నది నువ్వు కాదు కదా అని అరవాలనిపించింది. రేకు గొంతు ఎవరికి వినిపిస్తుంది? ఆయన మాత్రం ఆ రోజంతా గ్యాలరీ మెట్ల మీదే కూర్చున్నాడు.

పదకొండో రోజు సోమవారం. ఒక్క ఆట మిగిలి ఉంది. మూడో బాయికి ముప్పైఒక్క పాయింట్లు, ఎనిమిదో స్థానం. చివరి రెండు క్లబ్బులూ కింది లీగుకు పడిపోతాయి. పై లీగులో లేకపోతే ఖదీర్ లాంటి వాళ్ళు నిలవరు, గ్యాలరీ నిండదు, ఐదేళ్ళ కష్టం మట్టిలో కలుస్తుంది. తొమ్మిది పాయింట్లు కోసిన లీగు కాగితం వచ్చింది. సమ్మక్క నన్ను తుడిచింది, గుడ్డ పిండింది, పలకల పెట్టె ముట్టుకోలేదు.

"నేను పెట్టనన్నా. ఆడి తెచ్చుకున్న పాయింట్లు గివి. వానల ఆడి తెచ్చిండ్రు, ఎండల ఆడి తెచ్చిండ్రు. తప్పు జేసినోడు దొరకలేదని ఆడినోణ్ణి కొడ్తరా?"

ఓదెలే స్టూలు ఎక్కాడు. ముప్పైఒకటి తీసి ఇరవైరెండు తగిలించాడు. మేకు మీద పలక రెండుసార్లు జారింది. మూడోసారి ఆయన రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చింది. నా జీవితంలో మొదటి అబద్ధం అది, చెప్పించింది నాకు తెలిసినవాళ్ళలో అందరికంటే నిజాయితీ ఉన్న మనిషి చేతులు.

చివరి ఆట మూసీ యునైటెడ్‌తోనే, మా మైదానంలోనే. వాళ్ళు లీగు ఎప్పుడో గెలిచేశారు, కప్పు తీసుకుపోవడానికి వచ్చారు. మా వాళ్ళు ప్రాణం పెట్టి ఆడారు. ఎనభయ్యో నిమిషంలో ఖదీర్ ఆ ఆపరేషను కాలి మీదే ఒరిగి పెనాల్టీ ఆపాడు. గ్యాలరీ లేచి కేకలేస్తుంటే నా మేకులన్నీ కదిలాయి. ఒకటి సున్నాతో గెలిచాం. ఇరవైరెండుకు మూడు కలిపితే ఇరవైఐదు. పదో స్థానంలో ఉన్నవాళ్ళకు ఇరవైఆరు. ఒక్క పాయింటుతో కిందికి పడ్డాం.

ఓడిన మూసీ వాళ్ళకు కప్పు అందించడానికి లీగు ఉపాధ్యక్షుడు వచ్చాడు. నా ముందే నిలబడ్డాడు. జుట్టుకు రంగు, మెడలో దండ, అదే మీసం. ధనుంజయరావు! క్లబ్బును చంపిన మనిషి క్లబ్బులకు బుద్ధి చెప్పే కుర్చీలో కూర్చున్నాడు. ఒకసారి నా వైపు తల ఎత్తి చూశాడు గానీ పోల్చుకోలేదు. ఆయన్ను మోసిన రేకును నేను. ఆ క్షణాన నా గోడ మేకులు వదులుగా ఉంటే బావుండేది.

ఆ తరవాతి సోమవారం సమ్మక్క వచ్చింది. ఓదెలు ఇరవైరెండు పెట్టిన మేకుకే లీగు లెక్క ప్రకారం ఇరవైఐదు తగిలించింది. తరవాత అన్నిటికంటే కింద, రంగు వెలిసిన చోట రాయితో కొత్త మేకు కొట్టి, దానికి మా వాళ్ళు ఆడి తెచ్చుకున్న ముప్పైనాలుగు తగిలించింది. పేరు పలక పెట్టలేదు. ఓదెలు చూసి, దాన్ని అట్లాగే ఉండనిచ్చాడు. ఇప్పుడు మేం కింది లీగులో ఉన్నాం. ఎనిమిది క్లబ్బులే, నా మీద నాలుగు వరసలు ఖాళీ. అంకెలన్నీ మారుతుంటాయి, ఆ ముప్పైనాలుగు మారదు.

ఇంకొక్క మాట చెప్పాలి. ఆ చివరి ఆట రోజున కూడా సగం సమయానికి టోపీ తిరిగింది. పై వరసలో ఒకడు తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. తువ్వాలు కింద చారల చొక్కా. టోపీ దగ్గరికి రాగానే అందరిలాగే ముఖం పక్కకు తిప్పుకుని, మడిచిన నోట్లు కొన్ని వేశాడు. నేను వాణ్ణి క్షమించలేదు. టోపీ మాత్రం ఏమీ అడగకుండా తీసుకుంది.

అందరి తలల కంటే ఎత్తున ఉన్నవాణ్ణి. టోపీలోకి సూటిగా చూడగలిగేది నేనొక్కణ్ణే. ఇన్నేళ్ళుగా ఎవరు ఎంత వేశారో, మందుల డబ్బులోంచి ఎవరు తీశారో, పింఛను అందిన రోజున ఎవరు పరుగెత్తుకొచ్చారో నాకు తెలుసు. లీగు అడిగిన పేర్లన్నీ నా దగ్గరున్నాయి.

ఒక్కటీ చెప్పను.