ఎండు చేప ముక్క

ఆదివారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు ఎచ్చెర్లలో తాయారు పెరట్లో ఉన్న నల్లకుక్క గిరిబాబు కుడిచేతిని కరిచింది.

తాయారు కరిచే కుక్కలను ఇంట్లో పెట్టుకుని, మనుషులకు అలవాటు చేసి, అడిగినవాళ్లకు ఇస్తుంది. పదకొండేళ్లలో నలభై రెండింటిని పంపింది. నల్లది ఒక్కటే మిగిలింది. ఎనిమిది నెలలుగా అది ఆమె చేత్తో పెడితేనే తింటోంది. ఇద్దరు మగవాళ్లు తీసుకెళ్లి తిరిగి తెచ్చారు. ఇద్దరినీ తిండి దగ్గరే కరిచింది. మగవాళ్లంటే పడదేమో అనుకుంది తాయారు.

ఆమె పిత్తాశయంలో రాళ్లున్నాయి. ఆపరేషన్ రెండుసార్లు వాయిదా వేసుకుంది. మళ్లీ వాయిదా వేస్తే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు చెప్పారు. సోమవారం ఉదయం ఆసుపత్రిలో చేరాలి.

రామతీర్థం రైతు గిరిబాబు కుక్కను తీసుకెళ్దామని వారం రోజులుగా వస్తున్నాడు. శనివారం అతని చేతికింద తాయారు తన చెయ్యి పెడితే కుక్క తిన్నది. ఆదివారం ఆమె ఎండు చేప ముక్క అతనికిచ్చి పక్కకు తప్పుకుంది. ముక్క జారి నేల మీద పడింది. అతను వంగి తీయబోయాడు.

"సెయ్యి నాకుతాదన్నావు గదమ్మా! పీకీసింది," అన్నాడు గిరిబాబు, కుళాయి కింద సబ్బుతో చెయ్యి కడుక్కుంటూ. సూది వేయించుకోడానికి శ్రీకాకుళం వెళ్లాడు. మళ్లీ రానని చెప్పే వెళ్లాడు.

తాయారు దాలయ్యకు ఫోన్ చేసింది. ఊళ్లోవాళ్లు చంపుతామంటే కుక్కను ఆటోలో తెచ్చి అప్పగించిన జాలరి అతను.

"ఇసక మీద సేపలు ఎండబెట్టుకునేటోళ్లం తల్లీ. ఒంగి సేప ఎత్తినోడ్ని ఒగ్గీకూడదు, కరిసీయాల. బేపికి కుక్కపిల్లప్పుడే అదే మప్పినాను."

"మరి నన్ను కరవలేదేటి?"

"సేప నీ సేత్తో పెడతన్నావా?"

"మాట విన్నప్పుడల్లా."

"అయితే ఇంకేటి! యజమానివి నువ్వే. సేత్తో సేప పెట్టే యజమాని ఒక్కరి కాడే తింతాది. ఇంకెవులు పెట్టినా ముట్టదు. దొంగలు మందెట్టీకుండా నేనలాగే పెంచినాను."

"ఈ మాట అప్పుడే సెప్పొద్దా, మావా?"

"నువ్వడిగినావేటి?"

దాలయ్య చేతి నుంచి తన చేతికి రావడానికి కుక్క తొమ్మిది రోజులు పస్తులుంది. ఏడో రోజు సెలైన్ పెట్టించాల్సి వచ్చింది. అది తాయారుకు గుర్తుంది.

ఆదివారం మధ్యాహ్నం చెల్లెలు హేమ అన్నం గిన్నె పెట్టింది. కుక్క వాసన చూడలేదు. సాయంత్రం హేమ చేప చూపించింది. కుక్క గోడవైపు తిరిగి పడుకుంది.

"నువ్వెళ్లప్పా. ఆకలేస్తే అదే తింతాది," అంది హేమ.

"తినదే."

"సస్తే సస్తాది. నువ్వు సస్తే?"

తాయారు బట్టల సంచి సర్ది తలుపు పక్కన పెట్టింది.

సోమవారం తొమ్మిది గంటలకు ఆటో వచ్చింది. పావుగంట ఆగి వెళ్లిపోయింది. పదకొండు గంటలకు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. తాయారు ఎడమచేత్తో తీసింది. కుడిచేతిలోది కుక్క తింటోంది.