అమ్మ పేరు కట్టిన రెండు సంచులు

ఆస్పత్రిలో అందరూ ఆవిడని ఫ్రిజ్ అత్తగారు అనేవాళ్లు. పందొమ్మిదేళ్లుగా బ్లడ్ బ్యాంకులో టెక్నీషియను. సామాన్లగది తాళం బొడ్లో దోపుకున్న అత్తగారిలాగే, ఆవిడ చెయ్యి పడందే ఆ ఫ్రిజ్‌లోంచి ఒక్క రక్తం సంచీ బయటికి రాదు.

ఆవిడ జగడమంతా ఎముకల డాక్టరుతోనే. మోకాలు మార్చినా తుంటి మార్చినా, మనిషికి రెండు సంచులు పేరు రాయించి పక్కన పెట్టించేవాడు. పదింటిలో ఎనిమిది వెనక్కే వచ్చేవి. ఈలోగా అవతలివాళ్లు దోసిలి పట్టుకు నిలబడాల్సిందే.

"గడ్డివాములో కుక్క సామెత విన్నారా డాక్టరుగారూ?" అని ఒకసారి మొహం మీదే అడిగేసింది.

ఆయన నవ్వేశాడుగానీ మాట నాటుకుంది. నెల ముందే ఐరన్ ఇచ్చి ఒంట్లో రక్తం పెంచడం, బల్ల మీద రక్తం ఎక్కువ పోకుండా ఇంజెక్షన్ చెయ్యడం మొదలెట్టాడు. సంచులడగడం బాగా తగ్గించాడు.

ఇవాళ ఆవిడ కన్నతల్లికే తుంటి మార్పిడి.

"మీ అమ్మగారికి హిమోగ్లోబిన్ పదమూడుంది. సంచులేం వద్దు. నువ్వు చెప్పిన పాఠమేనమ్మా," అన్నాడు డాక్టరు.

"అలాగేనండీ," అంది. తిన్నగా వచ్చి ఫ్రిజ్ తెరిచింది. ఎండలు ముదిరి దాతలు రాని నెల. అమ్మది ఓ పాజిటివ్ గ్రూపు. ఆ గ్రూపువి మిగిలినవి రెండే సంచులు. రెంటికీ అమ్మ పేరు చీటీ కట్టేసింది. పాఠం చెప్పిన పంతులమ్మే పుస్తకం మూసేసింది.

పదిన్నరకి కిటికీ దగ్గరికి ఒకామె రొప్పుతూ వచ్చింది.

"అమ్మా, మా ఆయన తాపీమేస్త్రీ. పరంజా మీంచి పడితే నిన్న తుంటి మార్చారు. పొద్దుట్నించీ ఒళ్లు చల్లబడిపోతోంది. లోపలే రక్తం పోతోందట. ఓ పాజిటివ్ రెండు సంచులు తెమ్మన్నారు."

ఆమె అందించిన చీటీ మీద ఎర్రసిరాతో 'అర్జంటు' అని ఉంది.

"ఆ గ్రూపు లేదమ్మా. ఊరవతల బ్యాంకుకి ఫోన్ చేస్తా. గంటన్నరలో వచ్చేస్తుంది."

"గంటన్నరే! ఒక్కటైనా లేదామ్మా? ఏ మూలనో చూడండి..."

"ఉంటే దాచుకుంటానా?"

ఫోన్ అయితే చేసింది. వార్డు డాక్టరు తనే వచ్చి ఫ్రిజ్ తెరిస్తే? మంచుపెట్టె వెతికే ఓపిక లేక, రెండు సంచులూ ట్రేలో పెట్టి పైన గుడ్డ కప్పి, ఆపరేషన్ గది బయట బల్ల మీద పెట్టొచ్చింది. పావుగంటలో వెనక్కి తెచ్చేసుకుందామనుకుంది. వార్డు నుంచి ఫోన్ మీద ఫోన్. కదలనివ్వలేదు.

ఫ్రిజ్ బయట అరగంట దాటిన రక్తం మళ్లీ ఎవరికీ పనికిరాదు. ఆ రూలు గోడ మీద ఆవిడ చేతిరాతలోనే ఉంది.

పన్నెండింటికి డాక్టరు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "అమ్మగారు గట్టి మనిషి. సంచీ అవసరమే పడలేదు." గుడ్డ తొలగించి చీటీ మీద పేరు చదివాడు. రాత గుర్తుపట్టాడు. సామెత మాత్రం ఎత్తలేదు. ఎత్తితే బాగుండుననిపించింది ఆవిడకి.

గంటన్నర అన్న బ్యాంకు బండి ఒంటిగంటకి పావు తక్కువకి వచ్చింది. మేస్త్రీ అప్పటికి లేడు. కిటికీ కింద చప్టా మీద ఆ ఇల్లాలు మొగుడి చొక్కా ఉండచుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. టెక్నీషియన్ని చూసి లేచింది.

"మీరు చెయ్యాల్సింది చేశారమ్మా. మా రాతే బాలేదు," అంది.

ఆవిడ తల ఊపింది. లోపలికొచ్చి రెండు సంచులూ ఆస్పత్రి చెత్త వేసే పసుపు డబ్బాలో పడేసింది. బరువుకి డబ్బా మూత టపీమని పడింది.

నాలుగోరోజు అమ్మని నడిపించారు. నాలుగుకాళ్ల స్టాండు పట్టుకుని, వరండాలో ఒక్కో అడుగూ కొలిచినట్టు వేస్తోంది.

"నాకని దాచిన రక్తం వాడనే లేదటగా, నర్సమ్మ చెప్పింది. ఊరికే ఉంచకే. పాపం, ఎవరికో ఒకరికి ఇచ్చెయ్యి."

"ఇచ్చేశానమ్మా."

"మంచిపని చేశావ్. ఎవరికే?"

"ఎవరో తాపీమేస్త్రీకి."

"బతికాడా?"

ఆవిడ వంగి స్టాండు కాలు సరిచేసింది.

"నడువమ్మా," అంది చివరికి. "నువ్వు నడు."