కళ్లజోడులో మనిషి

పాత కెమెరా ఎక్కడైనా అమ్మకానికి ఉందని తెలిస్తే చాలు, అద్దాలాయన చెప్పుల్లో కాళ్లు పెట్టేవాడు. "ఊరికే చూసొస్తాను" అనేవాడు. ఆ మాట చెవిన పడగానే అతని భార్య అలమారలో ఒక అర ఖాళీ చేసేది. కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో ఇరవై రెండేళ్లుగా అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగించే మనిషి అతను. ఊళ్లో సగం మంది ముక్కుల మీద తన మొగుడి పనితనమే కూర్చుని ఉందని ఆవిడ నలుగురిలో గొప్పగా చెప్పేది. ఇంట్లో మాత్రం, "ఆరు రోజులు అద్దాలతో కుస్తీ పట్టింది చాలక సెలవునాడు కూడా అద్దాలేనా?" అని సాధించేది.

ఆ ఆదివారం పొద్దున ప్రకటన చూసి వెళ్లిన ఇల్లు మూడో అంతస్తులో ఉంది. తలుపు తీసినావిడకు డెబ్భై దాటి ఉంటాయి. బడిలో లెక్కలు చెప్పి రిటైరయిన టీచరు. సామానంతా బల్లమీద తెల్ల తువ్వాలు పరిచి సర్దిపెట్టింది. ఫిల్మ్ కెమెరా, రెండు లెన్సులు, ఫ్లాషు, మడిచిన ట్రైపాడ్, కెమెరాను ముట్టుకోకుండా ఫొటో తీయడానికి పనికొచ్చే మీట తీగ, తోలు సంచీ. దేనిమీదా ఇసుమంత దుమ్ము లేదు.

అద్దాలాయన ఫోను లైటు వేసి లెన్సుల్లో బూజు పట్టిందేమో చూశాడు. పట్టలేదు. కెమెరా మీట నొక్కాడు. అది కదల్లేదు.

"షట్టర్ పట్టేసిందమ్మా. ఇది పనిచెయ్యడం లేదు."

"చేస్తోంది బాబూ," అందావిడ. "ప్రతి ఆదివారం నాలుగింటికి నాకు వినపడుతోంది."

తన మాట ఆవిడకు సరిగ్గా అర్థం కాలేదేమో అనుకున్నాడు. టీచరమ్మ మాత్రం తరగతిలో పాఠం చెబుతున్నంత నింపాదిగా చెప్పుకొచ్చింది. ఆ కెమెరా ఆవిడ తమ్ముడిది. ప్రతి ఆదివారం నాలుగింటికి అక్కను కిటికీ ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి ఒకే ఒక్క ఫొటో తీసేవాడు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆ ముచ్చట తప్పింది వేళ్లమీద లెక్కపెట్టినన్ని వారాలే. పోయిన వానాకాలంలో తమ్ముడు పోయాడు.

"వాడు పోయాడు గానీ ఆ చప్పుడు పోలేదు. ఇంట్లో పెట్టుకోలేకపోతున్నాను నాయనా. అన్నీ కలిపి పట్టుకెళ్లు. తీగముక్క కూడా వదలొద్దు."

పాపం, ఒంటరితనం మనిషిని ఎంతకైనా తెస్తుంది అనుకున్నాడు అద్దాలాయన. జన్మలో మొదటిసారి బేరమాడకుండా కొన్నాడు.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం భోంచేసి, బల్లమీద పేపరు పరిచి కెమెరా విప్పాడు. షట్టర్‌ను మొత్తంగా బయటికి తీసి, మరలన్నీ ఒక సాసరులో పోసి, లెన్సును పక్కన పెట్టాడు. స్క్రూడ్రైవరు తుడుచుకుంటూ ఉండగా 'టక్' మని వినిపించింది. పొడి చప్పుడు. దాని వెనకే ఫిల్ము తిప్పుతున్నట్టు సన్నగా గరగర.

వంటింట్లోంచి భార్య కేకేసింది. "ఏమండీ! ఈ అవతారంలో నాకు ఫొటోలేమిటి? చెబితే చీరైనా మార్చుకుందును కదా!"

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్లమీద ముక్కలు ముక్కలుగా పడున్న కెమెరాను చూసింది. మొగుడి ముఖం చూసింది. గోడ గడియారంలో నాలుగు దాటి ఒక్క నిమిషం.

"ఎవరి సొత్తు వాళ్లకి ఇచ్చేసి రండి," అంది మెల్లగా. ఆ పూటంతా మళ్లీ వేళాకోళం ఆడలేదు.

కెమెరాను ఎలాగోలా బిగించి సంచీలో పెడుతుంటే, అడుగున అట్ట కింద నాలుగు కవర్లు దొరికాయి. నిండా నెగెటివ్‌లు. చూడకూడదని మనసు చెబుతున్నా చేతులు ఆగలేదు. దుకాణంలో వాడే భూతద్దం తెచ్చి, వెలుతురుకు పెట్టి ఒక్కొక్కటే చూశాడు. అన్నింట్లోనూ టీచరమ్మే. అదే కుర్చీ. మొదటి కవరులో నడివయసు, చివరి కవరులో ముసలితనం. వృత్తి బుద్ధి ఎక్కడికి పోతుంది, అతని చూపు ఆవిడ కళ్లజోడు మీదికి పోయింది. ఎడమ అద్దంలో ఒక కిటికీ కనబడింది. కిటికీకి ముందు, బియ్యపు గింజలో పదో వంతంత, మనిషి నిలబడి ఉన్నాడు.

అతను భూతద్దం దింపి, కవర్లన్నీ గబగబా సంచీలో పెట్టేశాడు.

సాయంత్రమే సంచీ భుజాన వేసుకుని మూడంతస్తులూ ఎక్కాడు. టీచరమ్మ సంచీని చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇవాళ నాకు వినపడలేదు," అంది. "మీ ఇంట్లో వినపడిందా?"

అబద్ధం ఆడదామనుకుని, మానుకున్నాడు. తలూపాడు.

"అయితే అది ఇంక మీ దగ్గరే ఉండనీ. నేను మాత్రం తీసుకోను."

నెగెటివ్‌ల కవర్లు చేతికిస్తే వాటినీ పక్కన పెట్టేసింది. "ఇవన్నీ నేనే కదా బాబూ. నన్ను నేను చూసుకుని ఏం చేసుకోను? ఇన్ని వందల ఫొటోలు తీశాడు, వాడిది మాత్రం ఈ ఇంట్లో ఒక్కటి లేదు. ఆఫీసు కార్డు మీద ఒక బొమ్మ ఉంది. అందులో వాడు వాడిలా లేడు. నిన్న పొద్దున లేచేసరికి వాడి ముక్కు ఎలా ఉండేదో గుర్తు రాలేదు. గంటసేపు కూర్చుని ఏడ్చాను."

"వీటిల్లో ఉన్నారమ్మా," అన్నాడు అద్దాలాయన. "మీ కళ్లజోడులో ఉన్నారు."

టీచరమ్మ చెయ్యి గబుక్కున తన కళ్లజోడు మీదికి వెళ్లింది.

కెమెరా సంచీ, కవర్లు మళ్లీ ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ తర్వాత రెండు వారాలు దుకాణం మూసేశాక వాటిలో ఆ తమ్ముడి ముఖం వెతకడమే అతని పని. అయితే ఆదివారం నాలుగింటికి మాత్రం ఏదో ఒక వంకతో భార్యను తీసుకుని బయటికి వెళ్లిపోయేవాడు. ఆఖరి పన్నెండేళ్ల ఫొటోలు ఎందుకూ పనికి రాలేదు. అప్పట్నించీ ఆవిడ అద్దాలకు మెరుపు రాకుండా పూత వేయించుకుంటోంది, ఎదుటి మనిషి నీడ వాటిలో పడదు. అంతకుముందు వాటిల్లో కిటికీ వెలుగు, దానిముందు ఒక మగమనిషి, ముఖానికి అడ్డంగా కెమెరా. ఎన్ని వందలు చూసినా అదే. భుజాలు, మోచేతులు, జుట్టు, ముఖం ఉండాల్సిన చోట కెమెరా. వాటిని చూసీ చూసీ, రోడ్డుమీద ఎవరైనా ఫోను ఎత్తిపెట్టుకుని నిలబడితే అద్దాలాయన తల తిప్పుకునేవాడు.

ఒక్క నెగెటివ్‌లో మాత్రం కెమెరా ట్రైపాడ్ మీద ఉంది. తమ్ముడు దాని పక్కన, మీట తీగ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అద్దాలాయన దాన్ని అరచేతంత పెద్దది చేసి ప్రింటు తీశాడు. ఇసుక చల్లినట్టుంది గానీ మనిషి మనిషిలాగే ఉన్నాడు. గళ్ల చొక్కా, పక్కపాపిడి.

టీచరమ్మ ఫొటోను వెలుతురుకు పట్టుకుంది. ముందు నవ్వింది. "ముక్కు! ఇదే ముక్కు. మా నాన్నది." తరవాత నవ్వు ఆగిపోయింది. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది. "రెండో చెయ్యి ఏం చేస్తోంది బాబూ?"

అద్దాలాయన ముందే చూశాడు. చెబుదామా వద్దా అని దారి పొడుగునా తర్జనభర్జన పడ్డాడు. "కళ్లు తుడుచుకుంటున్నారమ్మా."

ఆవిడ కుర్చీలో కూలబడింది.

"చేతులు వణుకుతున్నాయి, జ్వరం అన్నాడు. అందుకే స్టాండు పెట్టాడు. అంతకుముందు గురువారమే, వాడు చేసుకుంటానన్న అమ్మాయిని నేను వద్దని తెగేసి చెప్పాను. లైబ్రరీలో పని చేసేది. వాడికి ఈడూ జోడూ. ఆ పిల్లలో లేని వంకలన్నీ పెట్టాను. అసలు సంగతేమిటంటే, వాడు పెళ్లాడి వెళ్లిపోతే ఈ ఇంట్లో నేనొక్కదాన్నీ ఉండాలి. ఆ మాట చెప్పుకోలేక ఆ పిల్ల మీద నెట్టేశాను. సరే అక్కా అన్నాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. నేను మర్చిపోయాడనుకున్నాను." ఫొటోను ఒళ్లో బోర్లించింది. "నా ఎదురుగా నిలబడి ఏడ్చాడయ్యా. ఏడడుగుల దూరం. నేను జుట్టు సర్దుకుంటున్నాను."

అద్దాలాయన లేచి వంటింట్లోకి వెళ్లాడు. మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

ఆవిడ తాగి, గ్లాసు పక్కన పెట్టి, "ఇలాంటిదే ఇంకోటి తీస్తావా?" అని అడిగింది. "ఇవ్వాల్సిన మనిషి ఉంది. పుచ్చుకుంటుందో, మొహాన కొడుతుందో."

ఆ వారంలోనే ఒక పొద్దున ఇద్దరూ కలిసి వెళ్లారు. టీచరమ్మ ఒంటరిగా రానంది. లైబ్రరీకి రెండు వీధుల అవతల, ఇరుకు మెట్ల మేడ. తలుపు తీసిన మనిషికి అరవై దగ్గర పడుతున్నాయి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, చేతిలో సగం చదివిన పుస్తకం, వేలు లోపలే పెట్టి ఉంది. టీచరమ్మను చూడగానే గుర్తుపట్టింది. లోపలికి రమ్మనలేదు.

టీచరమ్మ దారంతా మాటలు కూడదీసుకుంటూ వచ్చింది. ఫొటో చాపింది. అద్దాలాయన ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు.

ఆవిడ ఫొటో తీసుకుని గుమ్మంలోనే నిలబడి చూసింది. పుస్తకంలోంచి వేలు జారిపోయింది.

"ఈ చొక్కా నేను కొన్నదే," అంది. "ఎప్పుడూ తొడుక్కోలేదనుకున్నాను."

"ఆదివారాలు తొడుక్కునేవాడు," అంది టీచరమ్మ. "చిరిగిపోయేదాకా. ఎక్కడిదని నేనెప్పుడూ అడగలేదు."

ఇద్దరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకోలేదు. లోపల ఎక్కడో కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఆవిడ ఇంకేదో అడుగుతుందని టీచరమ్మ ఎదురుచూసింది. తిట్టినా బాగుండునని చూసింది. తలుపు మెల్లగా మూసుకుంది.

అద్దాలాయన ముందు దిగుతూ వెనక్కి చెయ్యి అందించాడు. టీచరమ్మ కమ్మీ పట్టుకుని మొదటి మెట్టు మీద పాదం పెట్టింది. వెనక తలుపు జానెడంత తెరుచుకుంది.

"కింది మలుపులో రెండు మెట్లు విరిగాయి," అంది లోపలి గొంతు. "చూసి దిగండి వదినా."