మొప్పల పురుగు

తెల్లారేసరికి చెరువులో శీలావతి చేపలు నీటిపైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. నీళ్ళలో వేలాడదీసిన మేత సంచుల్లో తవుడు వేసింది వేసినట్టే ఉంది. గట్టు మీద నిలబడ్డ రిబ్కాకు అరవాలో ఏడవాలో తెలియలేదు.

"గాలి చాలక అమ్మాయ్. నీళ్ళు మార్చు," అన్నాడు పక్క చెరువు దగ్గర్నుంచి లాజరు.

లాజరు ఆమె భర్త ఫిన్నీకి అన్న. పెనుమూడిలో ఆ అన్నదమ్ముల చెరువులకు మధ్య ఉన్నది ఒకే గట్టు. ఫిన్నీ రేపల్లెలో బడిపంతులు కావడంతో తమ చెరువు బాగోగులన్నీ రిబ్కాయే చూసుకునేది.

"నిన్ననే మార్చాను బావగారూ. మొన్నా మార్చాను. మొప్పలు చూడండి, పాలిపోయి జిగురు కారుతున్నాయి. ఇది గాలి సంగతి కాదు."

"ఈ చేపలతోనే నా తల నెరిసింది. నాకు చెప్తావేంటి? సున్నం చల్లు."

పెద్దాయన మాట తీసెయ్యలేక సున్నం చల్లింది. చెరువులో ఎరువుగా పేడ వెయ్యడం మానేసింది. చేపలు మాత్రం చావడం మానలేదు.

చివరికి బతికున్న చేపల్ని క్యాన్‌లో వేసుకుని బాపట్ల బస్సెక్కింది. చెరుకుపల్లి దాటేలోగా అవి వెల్లకిలా తిరిగాయి. బాపట్లలో చేపల పరీక్షశాలలో కౌముది అనే ఆఫీసరమ్మాయి క్యాన్‌లోకి చూసి తల అడ్డంగా ఊపింది.

"చచ్చిన చేపలో ఏం చూడమంటారండి? పురుగుంటే ఈపాటికి కుళ్ళిపోయుంటుంది. బతికున్నవి తేవాలి."

"బతికున్నవాటినే ఎక్కించాను మేడమ్. బస్సులో చచ్చిపోతే నన్నేం చెయ్యమంటారు?"

రెండోసారి రిబ్కా చీర మార్చుకుని వచ్చేసరికి, చల్లగా ఉంటాయని లాజరు క్యాన్ నిండా ఐసు పోసి పెట్టాడు; చేపలు ఇంట్లోనే చచ్చాయి. ఆ రోజు ఆమె బస్సెక్కలేదు. అన్నం కూడా తినలేదు.

మూడోసారి చేపపిల్లలు అమ్మే చోటికి వెళ్ళి, చేపల్ని నీళ్ళ కవర్లో వేసి ఆక్సిజన్ పట్టించుకుంది. దాన్ని సీట్లో పెట్టి పక్కన నిలబడితే కండక్టరు, "చేపల్ని కూర్చోబెట్టి మీరు నిలబడ్డారేంటమ్మా?" అన్నాడు. ఆమె చూసిన చూపుకు మరి మాట్లాడకుండా టిక్కెట్టు చింపిచ్చాడు.

ఈసారి కౌముది మొప్ప ముక్కను కత్తిరించి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. "రండి, మీరే చూడండి." సన్నటి పురుగులు మొప్పను పట్టుకుని సాగుతూ ముడుచుకుంటూ ఉన్నాయి.

"వల ఎవరిదండి?" అడిగింది కౌముది.

"మా బావగారిది. రెండు చెరువుల్లోనూ అదే."

"అయితే రెండింటికీ ఒకేసారి మందెయ్యాలి. తడి వలతోనే పురుగు ఒక చెరువు నుంచి ఇంకోదానికి పోతుంది, అది బాగా ఎండాలి. ఒక్క చెరువుకే వేస్తే లాభంలేదు."

ఇంటికొచ్చి చెబితే లాజరు నవ్వాడు. "నా చేపలకేం రోగం లేదమ్మా."

"అన్నయ్యకి నెమ్మదిగా చెబుదాం," అన్నాడు ఫిన్నీ.

"మీరు నెమ్మదిగా చెప్పేలోగా చెరువులో నీళ్ళే మిగుల్తాయి!"

ఇక చేసేదిలేక తన చెరువుకే మందు వేసింది. చేపలు మళ్ళీ మేతకొచ్చాయి. ఆమె ప్రాణం కాస్త కుదుటపడ్డ వేళ, చర్చిలో స్త్రీల సమాజం మీటింగు నుంచి తిరిగొచ్చేసరికి లాజరు ఆమె చెరువులోంచి తడి వల లాగుతున్నాడు.

"ఎలా ఎదిగాయో చూద్దామని అమ్మాయ్."

కొద్ది రోజులకు చేపలు మళ్ళీ తేలాయి. అప్పుడు ఆమెకు బావ, మరదలు అన్న వరస గుర్తులేదు. బరువైన ఆ వలను లాజరు ఇంటి నుంచి ఈడ్చుకొచ్చి కంచె మీద పరిచింది.

"ఇది ఎండేదాకా ఎవరు ముట్టుకున్నా ఊరుకోను! మీ చేపలు బాగుంటే చూపించండి, ఇప్పుడే చూపించండి!"

లాజరు కదల్లేదు. ఆమే అతని చెరువు అవతలి గట్టెక్కింది. కొబ్బరిచెట్ల వెనక కొత్తగా తవ్వి పూడ్చిన మట్టి కనిపించింది. కుక్కలు గీకిన చోట బొచ్చె చేపల తలలు బయటికొచ్చి ఉన్నాయి.

"ముందు నా చెరువులోనే మొదలైంది," అన్నాడు లాజరు నేలచూపులు చూస్తూ. "చెబితే నా వలే తెచ్చిందంటారని..."

"తెలిసుండి నాతో సున్నం చల్లించారా బావగారూ!"

ఆమెకు ఇంకా చాలా అనాలనిపించింది. ముందు చేపల సంగతి చూడాలి కదా అని, "రేపు రెండు చెరువులకూ మందేస్తున్నాం. మీరూ రండి," అనేసి వెళ్ళిపోయింది.

మర్నాడు అతను మళ్ళీ పిలవకుండానే వచ్చాడు. చచ్చినవి చావగా మిగిలినవి నిలబడ్డాయి. ఆ ఏడు పట్టిన చేపలతో లారీ సగం కూడా నిండలేదు గానీ, చెరువు మాత్రం దక్కింది.

లారీ వెళ్ళిన తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక లాజరు చర్చి బయట నలుగురిని పోగేసి, చేతులు తిప్పుతూ చెబుతున్నాడు.

"గాలి చాలక అంటారు గానీ కాదండి. మొప్పల్లో పురుగు! నేను మొదట్లోనే కనిపెట్టాను."

రిబ్కా ఫిన్నీ వైపు చూసింది. ఫిన్నీ తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"ఇంటికి పదండి," అంది పళ్ళ మధ్య నుంచి, "ఇక్కడుంటే నేనేదో ఒకటి అనేస్తాను."