ఎర్ర చీటీ

పెద్దాయన పొద్దున్నే పద్దెనిమిది ఎలుకల పెట్టెలు కడిగేశాడు. ముప్పై ఏళ్లకే జుట్టంతా రాలిపోవడంతో పరిశోధనశాలలో అతనికి ఆ పేరు స్థిరపడిపోయింది. ఇప్పుడు నిజంగానే పెద్దాయనయ్యాడు కాబట్టి ఎవరూ నవ్వడం లేదు. సబ్బునీళ్లకు వేళ్ల చివరలు ఎప్పుడూ తెల్లగా నాని ఉంటాయి. ఎవరికీ ఎదురు చెప్పడు, ఎవరి కంటా పడడు.

ఎడమ చెవి చిరిగిన ఆడ ఎలుక మాత్రం అతని అడుగుల చప్పుడు వినగానే ఊచల దగ్గరికి వచ్చేస్తుంది.

"ఏమ్మా, లేచావా?" అంటాడు, కూతుర్ని పలకరించినట్టే.

పది రోజుల కిందట పెట్టెలకు ఎర్ర చీటీలు, తెల్ల చీటీలు తగిలించారు. ఎర్ర చీటీ ఉన్నవాటికి రోజూ సూదిమందు. తర్వాత అన్నిటికీ రక్తం తీస్తారని విన్నాడు, ఆనాటికి బలం రావాలని ఇస్తున్నారు కాబోలు అనుకున్నాడు పెద్దాయన. అదే రోజు, గదిలో ఎవరూ లేనప్పుడు, చెవి చిరిగినదాని తెల్ల చీటీ తీసి పక్క పెట్టెకు పెట్టి, అక్కడి ఎర్ర చీటీ దీనికి తగిలించాడు. జన్మలో అతను చేసిన దొంగపని అదొక్కటే.

ఈ ఉదయం అన్నిటికీ రక్తం తీశారు. తెర మీద ఒక్కో ఎలుక బీపీ గీత చూస్తున్న, ఈ పరీక్ష నడిపే డాక్టరమ్మను ఉండబట్టలేక అడిగాడు.

"ఎర్ర చీటీవి తొందరగా తేరుకుంటాయి కదమ్మా?"

"అవే తేరుకోవేమో పెద్దాయనా. రక్తం బాగా పోయాక పడిపోయిన బీపీని మళ్లీ లేపేది ఒంట్లో ఉండే సెరటోనిన్ అనే రసాయనమని మా అనుమానం. ఎర్ర చీటీవాటికిచ్చే సూదులు అది లేకుండా చేస్తాయి."

అతను చెవి చిరిగినదాని పెట్టె వైపు తిరిగాడు.

"ఇప్పుడైనా రక్తం ఎక్కించొచ్చుగా, అమ్మా?"

"ఇవాళ చూడటం వరకే. ముట్టుకోకూడదు."

పక్క పెట్టెలోది కాసేపటికి లేచి, ముందుకాళ్లతో మొహం తుడుచుకుంది. చెవి చిరిగినది ఒక్కసారి తల ఎత్తింది. తెర మీద దాని గీత కాస్త పైకి లేచినట్టే లేచి జారిపోయింది. చీటీ మార్చిన సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాడు. చెప్పినా అది లేవదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కాకు తుడుచుకుంటూ నిలబడ్డాడు. బలమొస్తుందని తన చేత్తోనే దాన్ని ఆ సూదులకు అప్పగించాడు.

మధ్యాహ్నానికి గీత చదునైంది.

"అనుకున్నట్టే వచ్చింది," అంటూ డాక్టరమ్మ రాసుకుని, చచ్చినదాన్ని బయటికి తీయించింది. "ఆ పెట్టె కడిగెయ్ పెద్దాయనా."

"అలాగేనమ్మా," అన్నాడు.

కుళాయి తిప్పి, పెట్టె మూత తీశాడు. పొట్టులో ఒక మూల, పంటిగాట్లతో సగం కొరికిన మేతబిళ్ల ఉంది.